పరమాణువు లోపలికి తొంగిచూసిన రైతుబిడ్డ



మీ ఇంట్లో తొమ్మిదో తరగతో, పదో తరగతో చదివే పిల్లలుంటే వారి సామాన్యశాస్త్రం పుస్తకం ఒకసారి తెరిచి చూడండి. అందులో పరమాణువు బొమ్మ ఒకటి కనిపిస్తుంది. మధ్యలో చిన్న చుక్క, దాని చుట్టూ గీతల మీద తిరిగే మరికొన్ని చుక్కలు. పిల్లలు ఆ బొమ్మను వేసి మార్కులు తెచ్చుకుంటారు. కానీ ఆ మధ్య చుక్క అక్కడ ఉందని మొదట కనుగొన్నదెవరో, అందుకు ఆయన ఎంత దూరం నడిచి వచ్చాడో మనలో చాలామందికి తెలియదు. ఈ వారం ఆయన కథ చెప్పుకుందాం. ఆయన పేరు ఎర్నెస్ట్ రూథర్‌ఫర్డ్.

పదార్థాన్ని ముక్కలు చేస్తూ పోతే చివరకు ఇక విడదీయలేని కణం మిగులుతుందని గ్రీసు దేశంలో డెమోక్రిటస్, మన దేశంలో కణాదుడు ఏనాడో తలపోశారు. అరిస్టాటిల్ ఆ మాట ఒప్పుకోలేదు. గురువిద్యాలయంలో తత్వశాస్త్రం చదివే రోజుల్లో మేమంతా ఈ వాదాలను పరీక్షల కోసం వల్లె వేసినవాళ్లమే. అయితే వాదనతో రెండువేల ఏళ్లు తేలని విషయం ఓపికగా చేసిన ప్రయోగాలతో తేలింది.

రూథర్‌ఫర్డ్ 1871 ఆగస్టు 30న న్యూజిలాండ్ దేశంలోని నెల్సన్ పట్టణానికి దగ్గరి పల్లెలో పుట్టాడు. తండ్రి బండిచక్రాలు చేసేవాడు, పొలం పనులు చూసేవాడు. తల్లి పెళ్లికి ముందు బడిపంతులమ్మ. పన్నెండుమంది పిల్లల్లో ఎర్నెస్ట్ నాలుగోవాడు. ఆస్తి లేదు. ఉన్నదల్లా పిల్లలను చదివించాలన్న తల్లి పట్టుదల. ఉపకారవేతనం పరీక్ష మొదటిసారి అందకపోతే మరుసటిసారి రాసి గెలిచాడు. హైస్కూలు, కాలేజీ చదువులన్నీ ఇలా ఉపకారవేతనాల మీదనే సాగాయి.

1895లో ఇంగ్లండు వెళ్లి చదువుకోవడానికి ఒక ఉపకారవేతనం వచ్చింది. నిజానికి దానికి ముందు ఎంపికైంది ఆయన కాదు, మెక్లారిన్ అనే మరొకాయన. ఆయన వద్దనుకోవడంతో రెండోవాడైన రూథర్‌ఫర్డుకు అవకాశం దక్కింది. మన పిల్లలు రెండో స్థానంలో నిలిచినప్పుడు ముఖం చిన్నబుచ్చుకునే తల్లిదండ్రులు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

కేంబ్రిడ్జిలో ఆయనకు దొరికిన గురువు జె.జె. థామ్సన్. పరమాణువు లోపల ఋణావేశం గల అతి తేలికైన కణాలు ఉన్నాయని 1897లో చూపినవాడాయనే. వాటినే ఇప్పుడు ఎలక్ట్రాన్లు అంటున్నాం. అంటే విడదీయలేనిదనుకున్న పరమాణువు లోపల కూడా భాగాలున్నాయన్నమాట! పుచ్చకాయ గుజ్జులో గింజల్లాగా, ధనావేశం పరమాణువంతా పరుచుకొని ఉంటే అందులో ఎలక్ట్రాన్లు అక్కడక్కడ పొదిగి ఉంటాయని థామ్సన్ భావించాడు. లోకం నమ్మింది.

1898లో రూథర్‌ఫర్డ్ కెనడాలోని మాంట్రియల్‌కు ఆచార్యుడుగా వెళ్లాడు. అక్కడ సాడీ అనే యువ రసాయనశాస్త్రజ్ఞునితో కలిసి, రేడియోధార్మిక మూలకాలు కిరణాలు వెదజల్లుతూ తమంతట తామే వేరే మూలకాలుగా మారిపోతున్నాయని నిరూపించాడు. 1908లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. భౌతికశాస్త్రజ్ఞునికి రసాయనశాస్త్రంలో బహుమతి! ఆయన అసలు గొప్ప పని అప్పటికింకా మొదలే కాలేదు.

అప్పటికి ఆయన ఇంగ్లండులోని మాంచెస్టరులో ఉన్నాడు. ఆయన దగ్గర గైగర్ అనే జర్మను యువకుడు, మార్స్‌డెన్ అనే ఇరవయ్యేళ్ల విద్యార్థి పనిచేస్తున్నారు. రేడియోధార్మిక పదార్థం నుండి దూసుకువచ్చే ఆల్ఫా కణాలను పలుచని బంగారు రేకు మీదికి పంపి, అవి ఎటు వెళుతున్నాయో చూడమన్నాడు. ఆ రేకు మందం సెంటీమీటరులో సుమారు 25,000వ వంతు. కణం వచ్చి తెరకు తగిలినప్పుడు మిణుగురులా ఒక చిన్న మెరుపు. చీకటిగదిలో కూర్చొని, కళ్లు చీకటికి అలవాటు పడేదాకా ఆగి, ఆ మెరుపులను ఒక్కొక్కటిగా లెక్కపెట్టాలి. విసుగుపుట్టే పని. కానీ వాళ్లు విసుగుపడలేదు.

1909లో ఒక వింత కనబడింది. దాదాపు కణాలన్నీ రేకు గుండా తిన్నగా వెళ్లిపోతున్నాయి. వేలల్లో ఏదో ఒకటి మాత్రం గోడకు కొట్టిన బంతిలా వెనక్కు వస్తోంది! ఎలక్ట్రాను కంటే ఏడువేల రెట్లకు మించి బరువైన ఆల్ఫా కణాన్ని ఎలక్ట్రాన్లు వెనక్కు నెట్టలేవు. మెత్తగా పరుచుకున్న ధనావేశమూ నెట్టలేదు. మరి దేనికి తగిలి తిరిగివచ్చింది? రూథర్‌ఫర్డ్ సుమారు రెండేళ్లు ఆలోచించి, లెక్కలు కట్టి, 1911లో జవాబు చెప్పాడు. పరమాణువు బరువు దాదాపు అంతా మధ్యలో ఒక చిన్న చోట ఇమిడి ఉంది. మిగిలినదంతా ఖాళీ. ఆ చిన్న చోటే కేంద్రకం.

అది ఎంత చిన్నదో ఊహించుకోవాలంటే, మీ విచారణ దేవాలయం మధ్యలో ఒక ఆవగింజ పెట్టండి. ఆ గింజ బంగారు పరమాణువులోని కేంద్రకం అనుకుంటే, పరమాణువు దేవాలయమంత ఉంటుంది. మీ వేలికున్న ఉంగరం గట్టిగా తోస్తుందే, అది అంతా ఇలాంటి ఖాళీయే!

తరువాత ఆయన, ఆయన శిష్యులు ఆ గింజను కూడా విప్పారు. నత్రజని కేంద్రకాన్ని ఆల్ఫా కణంతో కొడితే హైడ్రోజన్ కేంద్రకం బయటపడుతోందని 1919లో ప్రకటించాడు. దానికి ప్రోటాన్ అని పేరు పెట్టాడు. ధనావేశం గల ఈ కణం ఎలక్ట్రాను కంటే 1,836 రెట్లు బరువైనది. ఏ ఆవేశమూ లేని మరో కణం కూడా ఉండాలని 1920లోనే ఊహించాడు. శిష్యుడు చాడ్విక్ 1932లో దాన్ని పట్టుకున్నాడు. అదే న్యూట్రాన్. బంగారు పరమాణువులో 79 ప్రోటాన్లు, 118 న్యూట్రాన్లు, 79 ఎలక్ట్రాన్లు ఉంటాయి. ప్రోటాన్లు, న్యూట్రాన్లు సైతం క్వార్కులనే ఇంకా చిన్న కణాలతో అయినవని 1960ల తరువాత తెలిసింది. పుస్తకంలోని గీతలు కూడా సులువు కోసం వేసినవే. ఎలక్ట్రాన్లు గీత మీద నడిచే చుక్కలు కావనీ, కేంద్రకం చుట్టూ మేఘంలా ఆవరించి ఉంటాయనీ నేటి శాస్త్రం చెబుతుంది.

ఇంత విజయం మధ్య ఆయన చూసిన దుఃఖాలు తక్కువ కావు. 1914లో యుద్ధం వచ్చింది. ఒకే చీకటిగదిలో మెరుపులు లెక్కించిన ఇద్దరిలో గైగర్ జర్మను సైన్యంలో, మార్స్‌డెన్ బ్రిటిషువారి పక్షాన చేరారు. అప్పుడు బెర్లిన్‌లో ఉన్న చాడ్విక్ నాలుగేళ్లు నిర్బంధ శిబిరంలో, గుర్రపుశాలలో గడిపాడు. మూలకాలకు వరుస సంఖ్యలను ప్రయోగంతో నిలబెట్టిన మోస్లీ 27 ఏళ్ల వయసులో 1915 ఆగస్టు 10న గల్లిపోలీ యుద్ధంలో తుపాకి గుండుకు బలయ్యాడు. ఆ యువకుని చావుకు రూథర్‌ఫర్డ్ కుమిలిపోయాడు. 1930 డిసెంబరులో ఆయన ఒక్కగానొక్క కూతురు ఐలీన్ నాలుగో కాన్పు తరువాత మరణించింది. కొద్ది రోజులకే రాజు ఆయనకు ప్రభువు బిరుదు ఇస్తున్నట్లు ప్రకటన వచ్చింది. ఆ బిరుదు ఏ తండ్రికి సంతోషమిస్తుంది?

అయినా ఆయన తలుపులు మూసుకొని కూర్చోలేదు. 1933లో హిట్లరు ప్రభుత్వం యూదు పండితులను ఉద్యోగాల నుండి తరిమినప్పుడు, వారికి ఆశ్రయం చూపడానికి ఏర్పడిన సంఘానికి అధ్యక్షుడై నిలిచాడు.

1938 జనవరిలో కలకత్తాలో జరిగే భారత సైన్స్ కాంగ్రెస్ రజతోత్సవ సభలకు ఆయన అధ్యక్షత వహించవలసి ఉంది. కాని హెర్నియా బిగుసుకుపోయి, ఆపరేషన్ జరిగినా ఫలితం లేక, 1937 అక్టోబరు 19న కన్నుమూశాడు. ఆయన చితాభస్మాన్ని లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ ఆబీలో న్యూటన్ సమాధి దగ్గర ఉంచారు.

పరమాణువు నుండి మనిషి శక్తిని రాబట్టగలడన్నది వట్టి మాట అని రూథర్‌ఫర్డ్ అనుకునేవాడు. కానీ ఆయన పోయిన మరుసటి ఏడాదే, ఒకప్పుడు మాంట్రియల్‌లో ఆయన వద్ద పనిచేసిన ఆటో హాన్, న్యూట్రాన్లు తగిలి యురేనియం రెండుగా చీలుతోందని కనుగొన్నాడు. 1945 ఆగస్టు 6న హిరోషిమా, 9న నాగసాకి కాలిపోయాయి. నాగసాకిలో తరతరాల హింసలు తట్టుకొని నిలిచిన కతోలికులు కట్టుకున్న ఉరకామి దేవాలయం, లోపల ఉన్న గురువులతో, విశ్వాసులతో సహా నేలమట్టమైంది.

అదే విజ్ఞానం నేడు క్యాన్సరు ఆసుపత్రుల్లో ప్రాణాలు నిలుపుతోంది. మన ఊళ్లలో కరెంటు పెట్టించుకోవడం అంటారే, ఆ చికిత్స రేడియోధార్మికతను గూర్చిన ఈ పరిశోధనల వెంట వచ్చినదే. మీ విచారణలో కూడా దానివల్ల కోలుకున్నవారు ఉండవచ్చు.

కేంద్రకానికి మంచీ చెడూ తెలియవు. దాన్ని చేతిలో పట్టుకున్న మనిషికి తెలియాలి. కాబట్టి తల్లిదండ్రులారా, మీ బిడ్డ పరమాణువు బొమ్మ వేస్తున్నప్పుడు కాసేపు పక్కన కూర్చోండి. ఆ మధ్య చుక్కను కనుగొన్న రైతుబిడ్డ కథ చెప్పండి. మోస్లీ కథ, ఉరకామి కథ కూడా చెప్పండి. మార్కులు బడి ఇస్తుంది. తెలుసుకున్నదాన్ని దేనికి వాడాలో నేర్పవలసినది మాత్రం మన ఇల్లే.