బ్రౌను దొర - గ్రీకు చదువు, తెలుగు సేవ

ఏథెన్సు, స్పార్టా నగరాల చరిత్రను ఉన్నత పాఠశాలలో కంఠస్థం చేసి, పరీక్ష ముగియగానే మరచిపోవడం మనకు పరిపాటి. అట్టి ప్రాచీన విద్య ఒక పరదేశీయునిలో ఫలించి తెలుగు సాహిత్యానికి రక్షణయైన వైనం చార్లెస్ ఫిలిప్ బ్రౌనుగారి జీవితంలో కానవస్తుంది.

బ్రౌను 1798 నవంబరు 10న కలకత్తాలో జన్మించారు. తండ్రి డేవిడ్ బ్రౌను క్రైస్తవ మతాచార్యులు. ఆయన శిక్షణలో బాల్యంలోనే అరబ్బీ, పారశీకం, హిందూస్తానీ, హీబ్రూ భాషలు అలవడినవి. 1812లో తండ్రి గతించగా కుటుంబం ఇంగ్లాండు చేరింది. అక్కడ కుంపిణీ ఉద్యోగులను తీర్చిదిద్దే హెయిలీబరీ కళాశాలలో ఆయన చదివారు. మన ఇంటర్మీడియట్ విద్యార్థుల ఈడువారుండే ఆ విద్యాలయంలో గ్రీకు, లాటిన్ గ్రంథాలు పాఠ్యాంశాలు. పలు వ్రాతప్రతులను సరిపోల్చి ప్రాచీన గ్రంథాల శుద్ధపాఠాన్ని నిర్ణయించడం ఐరోపా పండితుల సంప్రదాయం.

1817లో మద్రాసు చేరిన బ్రౌను వెలగపూడి కోదండరామ పంతులుగారి వద్ద తెలుగు నేర్చి, 1820లో కడపలో ఉద్యోగంలో ప్రవేశించారు. అప్పటికి తెలుగు కావ్యాలు తాళపత్రాలలో చెదలపాలవుతున్నవి. ఐరోపా తన గ్రీకు కావ్యాలకిచ్చిన గౌరవాన్ని ఆయన మన కావ్యాలకిచ్చారు. కడపలో బంగళా కొని, స్వధనం చాలక అప్పుచేసి, పండితులను, లేఖకులను పోషించారు. ప్రతులను తెప్పించి సరిపోల్పించారు. 1829లో వేమన పద్యాలను ఆంగ్లానువాదంతో ప్రకటించారు.

1832-33 నాటి నందన కరువు మన గుంటూరు సీమను శ్మశానంగా మార్చింది. పై అధికారులు దానిని కొరత అని తేలికపరచగా, గుంటూరులో ఉద్యోగిగా ఉన్న బ్రౌను కరువును కరువనే వ్రాశారు. పదాల అర్థం తూచినవాడు ప్రజల ఆకలి విషయంలోనూ మాట తప్పుగా వాడలేదు. 1834లో ఉద్యోగం కోల్పోయి స్వదేశం వెళ్ళినా, మరల వచ్చి మద్రాసు ప్రభుత్వంలో పారశీక అనువాదకులైనారు. 1852లో ఆయన తెలుగు-ఆంగ్ల నిఘంటువు వెలువడింది. 1884 డిసెంబరు 12న లండనులో కన్నుమూశారు. ఆయన కూర్చిన ప్రతులు మద్రాసు ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారంలో చేరినవి.

విద్యార్థులారా! ఒకరి ప్రాచీనతను శ్రద్ధగా చదివినవానికి మరొకరి ప్రాచీనత విలువ తెలుస్తుంది. మన ఇళ్ళ అటకలమీద తాతల నాటి తెలుగు, ఉర్దూ, పారశీక వ్రాతప్రతులు ఇంకా ఉండవచ్చు. గ్రీసు పాఠం చదివిన సాయంత్రం ఒక్కసారి ఆ మూటలు విప్పి చూడండి.