హకీం ఇబ్నె నఫీస్

ఇబ్నె సీనా పేరు మన పెద్దల్లో చాలామందికి తెలుసు. ఆయన గ్రంథానికి వ్యాఖ్యానం వ్రాస్తూనే, అందులోని ఒక పెద్ద పొరపాటును సరిదిద్దిన హకీం అలావుద్దీన్ ఇబ్నె నఫీస్ పేరు మాత్రం పిల్లలకే కాదు, మా టీచర్లలో కూడా కొద్దిమందికే తెలుసు.

ఆయన 13వ శతాబ్దం ఆరంభంలో సిరియాలోని డమాస్కస్ దగ్గర పుట్టారు. అక్కడి నూరీ దవాఖానాలో దఖ్వార్ అనే ఉస్తాద్ దగ్గర వైద్యం నేర్చుకున్నారు. తరువాత కైరో చేరి అక్కడే ఉండిపోయారు. వైద్యంతో పాటు షాఫయీ ఫిఖ్ కూడా బోధించేవారు.

మనవాళ్ళు జాలీనూస్ అని పిలిచే గ్రీకు వైద్యుడు గాలెన్ మాటే వెయ్యేళ్ళకు పైగా వేదవాక్కుగా నడిచింది. గుండె కుడి గదిలోని రక్తం, నడిమి గోడలో కంటికి కనబడని రంధ్రాల గుండా ఎడమ గదిలోకి పోతుందని ఆయన చెప్పాడు. ఇబ్నె సీనా కూడా దాన్నే అనుసరించారు. 1242 నాటి తన వ్యాఖ్యానంలో ఇబ్నె నఫీస్ ఇది కాదన్నారు. ఆ గోడ దళసరిది, దానిలో రంధ్రమే లేదు. మరి రక్తం ఎటు పోవాలి? కుడి గది నుండి ఒక నాళం ద్వారా ఊపిరితిత్తులకు పోయి, అక్కడ గాలితో కలిసి, ఇంకొక నాళం ద్వారా ఎడమ గదికి చేరాలి. ఆ రెండు నాళాల నడుమ సన్నని దారులు ఉంటాయని కూడా ఆయన తేల్చారు. ఆ సన్నని కేశనాళికలను ఇటలీలో మాల్పిగీ సూక్ష్మదర్శినితో చూసింది 1661లో! గుండె కండరానికి పోషణ, గదుల్లో నిండిన రక్తం నుండి కాక, ఆ కండరంలో పరుచుకున్న నాళాల నుండే అందుతుందని చెప్పినదీ ఆయనే. ఈనాడు ఎక్కువగా గుండెపోటు వచ్చేది ఆ నాళాలు మూసుకుపోయే కదా.

ఒక మాట చెప్పాలి. రక్తప్రసరణ అంతా హార్వే కన్నా ముందే మనవాళ్ళు కనిపెట్టేశారని సభల్లో కొందరు ఉపన్యసిస్తుంటారు. అది సరికాదు. ఇబ్నె నఫీస్ చెప్పింది గుండెకూ ఊపిరితిత్తులకూ నడుమ ఉన్న దారి. రక్తం ఒళ్ళంతా తిరిగి మళ్ళీ గుండెకే వస్తుందని 1628లో నిరూపించినవాడు ఇంగ్లాండుకు చెందిన హార్వేనే. ఎవరి హక్కు వారికివ్వాలి. ఇబ్నె నఫీస్ గారి వాటా ఏమంత తక్కువ కాదు.

చిత్రమేమిటంటే, ఆయన వ్రాసిన మూజజ్ అనే చిన్న గ్రంథాన్ని మన దేశపు హకీములు కూడా చదువుకున్నారు. ఈ కొత్త సంగతి ఉన్న వ్యాఖ్యానం మాత్రం మరుగున పడింది. 1924లో ఈజిప్టు డాక్టరు ముహ్యుద్దీన్ తతావీ బెర్లిన్‌లోని వ్రాతప్రతి చదివి, జర్మనీలో తన థీసిస్ ద్వారా దానిని లోకానికి తెలియజేశారు.

ఇబ్నె నఫీస్ 1288లో కైరోలో కన్నుమూశారు. చివరి జబ్బులో మందుగా మద్యం ఇవ్వబోతే పుచ్చుకోలేదని చరిత్రకారులు వ్రాశారు. తన ఇల్లు, పుస్తకాలు అన్నీ 1284లో కట్టిన మన్సూరీ దవాఖానాకు వ్రాసి ఇచ్చేశారు.