డార్విన్ ఇసుకబాట

చార్లెస్ డార్విన్ 1809వ సంవత్సరము ఫిబ్రవరి 12వ తేదీన ఇంగ్లండు దేశమందలి ష్రూస్‌బరీ పట్టణమున జన్మించెను. తండ్రి రాబర్టు డార్విన్ పేరుగాంచిన వైద్యుడు. ఎనిమిదేండ్ల ప్రాయమున చార్లెసు తల్లిని కోల్పోయెను. ఈ బాలునకు ఒంటరిగా చాలదూరము నడచుట యన్న మిక్కిలి ప్రీతి. నడచునపుడు ఆలోచనలలో మునిగి పరిసరములను మఱచుచుండెడివాడు. ఒకనాడు బడినుండి యింటికి వచ్చుచు, పట్టణపు పాత కోటగోడపైని బాటవెంట నడచుచుండెను. ఆ బాటకు ఒకవైపు పిట్టగోడ లేదు. ధ్యాస యెటో యుండుటచే అంచు దాటి అడుగు వేసి, ఏడెనిమిది అడుగుల క్రిందికి పడిపోయెను. పడుచున్న ఆ క్షణకాలములో తన మనసున ఎన్నెన్ని తలపులు మెదలినవో యని, ముదిమియందు జీవితచరిత్ర వ్రాసికొనుచు అతడు ఆశ్చర్యపడెను. కాళ్ళు కదలిన మనసును కదలుట ఆ వయసుననే అతనికి అలవడినదన్నమాట.

తండ్రి అతనిని 1825లో వైద్యవిద్యకై ఎడింబరోకు పంపెను. మత్తుమందు లేని ఆ కాలపు శస్త్రచికిత్సలను చూడలేక డార్విన్ వెలుపలికి పరుగెత్తెను. ఆ చదువు సాగలేదు. పిమ్మట కేంబ్రిడ్జి చేరెను. అచ్చటను పాఠములకంటె షికారులే యెక్కువ. అయినను ఆ షికారులవలన ఒక మేలు జరిగెను. వృక్షశాస్త్రాచార్యుడైన హెన్‌స్లోతో అతడు తఱచుగా చాలదూరము నడచుచు, చెట్లను, పురుగులను, రాళ్ళను గూర్చి సంభాషించెడివాడు. అందుచే కొందఱు అధ్యాపకులు అతనిని పేరుతో గాక, హెన్‌స్లోతో నడచువాడని గుర్తించుచుండిరి. బీగిల్ అను ఓడలో ప్రపంచమును చుట్టివచ్చు అవకాశమును 1831లో అతనికి చూపించినవాడును ఆ హెన్‌స్లోయే.

ఆ యాత్ర 1831 డిసెంబరు 27న మొదలై 1836 అక్టోబరు 2న ముగిసెను. ఓడ కదలుచున్నంతసేపు డార్విన్‌కు వాంతులే. తీరమును చేరగానే మాత్రము అతడు వేఱొక మనుష్యుడు. దక్షిణ అమెరికా మైదానములలో గుఱ్ఱముపైనను కాలినడకనను తిరిగెను. 1835లో ఆండీసు పర్వతములను దాటెను. ఇంతటి దృఢకాయుడు స్వదేశమునకు మరలివచ్చిన కొలదికాలమునకే రోగిష్ఠి యయ్యెను.

ఆ రోగమేమో ఎవరికిని అంతుపట్టలేదు. గుండెదడ, వాంతులు, తలనొప్పి, వణకు అతనిని విడువక బాధించెను. మిత్రులతో కొంతసేపు ఉత్సాహముగా మాటలాడినను ఆ రాత్రి నిద్ర పట్టెడిది కాదు. నాటి వైద్యులు తలకొక మాట చెప్పిరి. నేటి వైద్యులకును ఈ విషయమున ఏకాభిప్రాయము కుదరలేదు. దేహబాధకు తోడు మనసునందొక బరువు కూడ చేరెను. జీవజాతులు కాలక్రమమున మాఱుచు వచ్చినవను సిద్ధాంతము 1838 నాటికే అతని మదిలో రూపుదాల్చెను. దానిని లోకమునకు చెప్పినచో ఎట్టి కలకలము పుట్టునో అతడు బాగుగా నెఱుగును. కావున ఇరువది సంవత్సరములు ఆ తలపును తనలోనే మోసెను. 1839లో ఎమ్మా వెడ్జ్‌వుడ్‌ను వివాహమాడి లండనులో కాపురముండెను గాని, ఆ నగరపు సందడి అతనికి సరిపడలేదు. 1842 సెప్టెంబరులో ఆ దంపతులు లండనుకు సుమారు 16 మైళ్ళ దూరముననున్న డౌన్ అను గ్రామమునకు తరలిపోయిరి.

అచ్చట తన తోటకు ఆనుకొనియున్న ఒకటిన్నర యెకరముల నేలను డార్విన్ 1846లో పొరుగు భూస్వామియగు లబక్ ప్రభువునుండి కౌలునకు తీసికొనెను. అది పంటకై తీసికొన్న నేల కాదు, కేవలము నడచుటకై తీసికొన్నది. అందు హేజెల్, బర్చి మొదలగు చెట్లను నాటించి, ఒక ప్రక్క ముండ్ల ఆకులు గల హాలీ కంచె వేయించెను. చుట్టును బాట తీయించి ఇసుక పోయించెను. బాటలో ఒక వైపు పెద్ద చెట్ల నీడ. రెండవ వైపున కంచె మీదుగా చూచిన విశాలమైన లోయ కానవచ్చును. ఇంటివారు దానిని ఇసుకబాట యని పిలుచుచుండిరి.

డార్విన్ దినచర్య గడియారమువలె నడచెడిది. తెల్లవాఱిన వెంటనే కొంచెము నడచి, ఫలాహారము ముగించి, ఎనిమిది మొదలు తొమ్మిదిన్నర వరకు వ్రాసికొనెడివాడు. ఉత్తరములు విని, మరల పదిన్నర మొదలు పండ్రెండు వరకు పని. అంతటితో ముఖ్యమైన పని ముగిసినట్లే. పిమ్మట, వాన కురిసినను ఎండ కాసినను, ఇసుకబాటకు బయలుదేరెడివాడు. దారిలో గాజుటింటిలోని మొక్కలను ఒకసారి చూచెడివాడు. వెనుకటి దినములలో వెంట పెంపుడు కుక్కయు ఉండెడిది. చేతిలో ఇనుప పొన్ను వేసిన కఱ్ఱ. అడుగడుగునకు అది నేలను తాకి టక్కుటక్కుమని మ్రోగెడిది. సాయంకాలము నాలుగు గంటలకు మరల ఒక నడక.

ప్రతిదినము ఇన్ని చుట్లని ముందుగానే నిర్ణయించుకొని, ఆ లెక్కకై అతడొక చిన్న ఉపాయము పన్నెను. చెకుముకి రాళ్ళను కుప్పగా పోసి, చుట్టు పూర్తియగునపుడెల్ల ఒక రాతిని కాలితో బాటమీదికి తన్నెడివాడు. రాళ్ళు లెక్క చూచుకొనుచుండగా మనసు తన ఆలోచనలో తానుండవచ్చును. ఇది పిల్లలాటవలె తోచునేమో గాని, సులభముగా అలజడి చెందు మనసుగలవానికి ఇంతకంటె చక్కని యేర్పాటు దొరకుట కష్టము. ఆ దినము ఎంత నడువవలెనని తనతో తాను వాదించుకొను పనియే లేదు. ఎవరును లేని వేళలలో అతడు మెల్లగా నడచుచు, నిలుచుచు, పక్షులను మృగములను కనిపెట్టుచుండెడివాడు. ఒకసారి ఉడుతపిల్లలు కొన్ని అతడు చెట్టేమో యని భ్రమించి అతని కాళ్ళమీదుగా వీపునకు ఎగబ్రాకినవట. తల్లియుడుత కొమ్మపైనుండి గోల చేసెనట!

ఈ నడక అతని రోగమును కుదిర్చెనని చెప్పరాదు. 1849లో మాల్వెర్ను అనుచోట గల్లీ యను వైద్యునియొద్ద చన్నీటి చికిత్స పొందెను. అందును నడక ఒక భాగము. కొంత గుణము కనిపించెను గాని వ్యాధి మరల తిరుగబెట్టెను. అంతకంటె ఘోరమైన దెబ్బ 1851లో తగిలెను. అతని గారాలకూతురు ఆనీ జబ్బుపడగా, అదే మాల్వెర్నుకు చికిత్సకై కొనిపోయిరి. ఏప్రిలు 23న ఆ బాలిక మరణించెను. ఆమెకు పదేండ్లు మాత్రమే. వారము తిరుగకముందే డార్విన్ ఆమెను గూర్చిన జ్ఞాపకములను కాగితముపై నుంచెను. ఇసుకబాటపై తాను వడిగా నడచుచున్నను, ఆమె తనకంటె ముందుగా గిరగిర తిరుగుచు నాట్యమాడుచు పోయెడిదని అందు వ్రాసికొనెను. ఇక ఆ బాటలో అడుగిడినపుడెల్ల ఆ బిడ్డ గుర్తునకు రాకుండునా? అయినను అతడు ఆ బాటను విడువలేదు.

1858 ఏప్రిలులో పని భారముచే అలసి మూర్ పార్కు అను చికిత్సాలయమునకు పోయెను. అచ్చట ఒకనాడు గంటన్నరసేపు తిరిగి, పచ్చికపై నిద్రించి, మేల్కొనగా చుట్టును పక్షులు పాడుచుండెను, ఉడుతలు చెట్లెక్కుచుండెను. ఆ ప్రాణులెట్లు పుట్టినవో యను చింత ఆ క్షణమున తనకు ఇసుమంతయు లేకపోయెనని భార్యకు ఉత్తరము వ్రాసెను. ఆ ప్రశ్నకే జీవితమును ధారపోసినవాడు ఇట్లు వ్రాయుట వింత!

ఆ ప్రశాంతి యెక్కువకాలము నిలువలేదు. జూనులో ఆల్‌ఫ్రెడ్ వాలెసు అను శాస్త్రజ్ఞునినుండి వచ్చిన ఒక వ్యాసమున తన సిద్ధాంతమే కనబడెను. ఆ నెలలోనే అతని పసికుమారుడు స్కార్లెట్ జ్వరముచే కన్నుమూసెను. జూలై 1న మిత్రులు ఇరువురి వ్రాతలను లండనులో లిన్నేయను సొసైటీ సభయందు చదివించిరి. డార్విన్ ఆ సభకు పోలేదు. మఱుసటి యేడు, 1859 నవంబరు 24న, జీవజాతుల ఉత్పత్తిని గూర్చిన అతని మహాగ్రంథము వెలువడెను. మొదట ముద్రించినవి 1250 ప్రతులు. ఆనాటికిని అతడు ఇల్క్లీ యనుచోట చికిత్స పొందుచునే యుండెను.

తరువాత ఒక వైద్యుడు గుఱ్ఱపుస్వారి మేలని సలహా యిచ్చెను. టామీ అను సాధువైన గుఱ్ఱమును కొనిరి. 1869లో అది తొట్రిల్లి పడి డార్విన్‌ను గాయపఱచెను. స్వారి అంతటితో సరి; ఇసుకబాట మాత్రము మిగిలెను. దినమునకు మూడు నాలుగు గంటలకు మించి పనిచేయలేని ఈ రోగి ఆర్కిడ్ పూవులను గూర్చి, ఎగబ్రాకు తీగెలను గూర్చి, పురుగులను తిను మొక్కలను గూర్చి గ్రంథములు వ్రాసెను. 1881లో వానపాములపై కడపటి గ్రంథమును ప్రకటించెను. క్రమమైన నడక దిగులును ఆందోళనను తగ్గించునని నేటి వైద్యులు చెప్పుచున్నారు. నడచునపుడు క్రొత్త ఊహలు అధికముగా పుట్టునని 2014లో స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రకటించిరి. డార్విన్‌కు ఈ పరిశోధన లేవియు తెలియవు. మధ్యాహ్నము కాగానే కఱ్ఱ చేతబట్టుట మాత్రము తెలియును.

1882 ఫిబ్రవరి చివర గుండెనొప్పి మొదలయ్యెను. మార్చి 7న నడచుచుండగా ఇంటికి కొంతదూరమున నొప్పి బలముగా వచ్చెను. ఎట్లో ఇల్లు చేరెను గాని, ఆ తరువాత ఇసుకబాట వరకు పోగల శక్తి అతనికి రాలేదు. ఏప్రిలు 19న డౌన్‌లోని తన యింటనే మరణించెను. ఊరి శ్మశానముననే సమాధి చేయవలెనని కుటుంబమువారు తలంచిరి గాని, దేశప్రముఖుల కోరికపై ఏప్రిలు 26న లండనులోని వెస్ట్‌మినిస్టరు ఆబీలో అతని దేహమును సమాధి చేసిరి.