మొదటి సాలార్‌జంగ్

మొదటి సాలార్‌జంగ్ (1829 - 1883 ఫిబ్రవరి 8) హైదరాబాదు రాజ్యానికి దీవాను, అనగా ప్రధానమంత్రి. ఇతని అసలు పేరు మీర్ తురాబ్ అలీ ఖాన్. 1853 నుండి మరణించేవరకు సుమారు ముప్పై సంవత్సరాలు ముగ్గురు నిజాముల కాలంలో ఈ పదవిని నిర్వహించాడు. రెవెన్యూ, న్యాయ, పోలీసు వ్యవస్థలను సంస్కరించిన పాలకునిగా ప్రసిద్ధుడు. నిజాం దర్బారుకు వెళ్ళివచ్చే సందర్భాలలో ఇతనిపై రెండుసార్లు తుపాకి కాల్పులు జరిగాయి. ఆయుధధారులతో నిండిన రాజధానిని చట్టం అదుపులోకి తీసుకురావడం ఇతని పాలనలోని ప్రధాన సమస్యలలో ఒకటి.

కుటుంబ నేపథ్యం

సాలార్‌జంగ్ దీవానుల వంశంలో జన్మించాడు. తాత మునీరుల్‌ముల్క్ దీవానుగా పనిచేశాడు. బాల్యంలోనే తండ్రిని కోల్పోవడంతో తండ్రి సోదరుడైన సిరాజుల్‌ముల్క్ సంరక్షణలో పెరిగాడు. 1853 మే నెలలో దీవానుగా ఉన్న సిరాజుల్‌ముల్క్ మరణించగా, నాల్గవ నిజాం నాసిరుద్దౌలా అదే నెలలో సాలార్‌జంగ్‌ను దీవానుగా నియమించాడు. అప్పటికి ఇతని వయసు 24 సంవత్సరాలు. కంటింజెంటు సైన్యం ఖర్చుల బాకీ కింద బేరారు, రాయచూరు, ధారాశివ ప్రాంతాలను ఈస్టిండియా కంపెనీకి అప్పగించే ఒప్పందం కుదిరిన కొద్ది రోజులకే ఈ నియామకం జరిగింది. ఖజానా ఖాళీగా ఉంది.

అప్పటి హైదరాబాదులో ఆయుధాలు

ఆ కాలపు హైదరాబాదులో కత్తి, బాకు, తుపాకి ధరించి వీధుల్లో తిరగడం సర్వసాధారణం. ఆయుధం హోదాకు, వృత్తికి గుర్తు. అరబ్బులు, రోహిల్లాలు, పఠాన్లు, సిక్కులు జమేదార్ల కింద జట్లుగా ఉండి కొలువు చేసేవారు. ప్రభువర్గానికి చెందిన ప్రతి కుటుంబానికీ సొంత సాయుధ పరివారం ఉండేది. ప్రభువులు దర్బారుకు వచ్చేటప్పుడు ఈ పరివారం వెంట వచ్చేది. జీతాలు బకాయి పడటం వలన ప్రభుత్వం జమేదార్ల వద్దనే అప్పులు చేసి, తాలూకాల ఆదాయాన్ని వారికి తాకట్టు పెట్టింది. బాకీదారులను నిర్బంధించి సొమ్ము వసూలు చేసే అధికారాన్ని కూడా కొందరు జమేదార్లు చెలాయించేవారు. ఈ స్థితిలో ఆయుధాలను ఒక్కసారిగా నిషేధించగల శక్తి ప్రభుత్వానికి లేదు.

రెసిడెన్సీపై దాడి

1857 మే నెలలో నాసిరుద్దౌలా మరణించగా అఫ్జలుద్దౌలా నిజాం అయ్యాడు. అదే సంవత్సరం ఉత్తర భారతంలో తిరుగుబాటు చెలరేగింది. ఢిల్లీ వైపు కదలడానికి నిరాకరించి హైదరాబాదు చేరిన జమేదారు చీదా ఖాన్‌ను సాలార్‌జంగ్ బంధించి బ్రిటిష్ రెసిడెంటుకు అప్పగించాడు. అతని విడుదల కోరుతూ జూలై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్‌ల నాయకత్వంలో రోహిల్లాలు కోఠీలోని రెసిడెన్సీపై దాడి చేశారు. ఎదురుగా ఉన్న ఇళ్ళలో మాటువేసి రాత్రంతా కాల్పులు జరిపారు. సాలార్‌జంగ్ ముందుగానే రెసిడెంటు కల్నల్ డేవిడ్‌సన్‌ను హెచ్చరించడం వలన దాడి విఫలమైంది. తుర్రెబాజ్ ఖాన్ 1859 జనవరిలో తూప్రాన్ సమీపంలో చంపబడ్డాడు. అల్లావుద్దీన్‌ను అండమాన్‌కు పంపారు. ఈ సంఘటనల వలన సాలార్‌జంగ్ బ్రిటిష్‌వారికి నమ్మకమైన మిత్రుడు, నగరంలో అనేకుల దృష్టిలో ద్రోహి అయ్యాడు.

దర్బారు వద్ద హత్యాయత్నాలు

1859 మార్చి 15న సాలార్‌జంగ్, డేవిడ్‌సన్ నిజాం దర్బారు ముగించుకొని చేతిలో చేయి వేసుకొని బయటికి వస్తుండగా జహంగీర్ ఖాన్ అనే వ్యక్తి పొట్టి తుపాకితో కాల్చాడు. గుండు వారిద్దరికీ తగలలేదు, పరిచారకుడొకడు గాయపడ్డాడు. ఆ తరువాత కత్తి దూసి మీదికి వచ్చిన జహంగీర్ ఖాన్‌ను దీవాను అనుచరులు అక్కడికక్కడే నరికివేశారు. ఇద్దరూ పక్కపక్కనే నడుస్తున్నందున గురి ఎవరి మీదనో సందేహానికి తావు మిగిలింది.

1868 జనవరిలో రంజాన్ పండుగ దర్బారుకు వెళ్తున్న సాలార్‌జంగ్‌పై మళ్ళీ రెండుసార్లు కాల్పులు జరిగాయి. ఇతడు ప్రాణాలతో బయటపడ్డాడు, అనుచరుడొకడు గాయపడ్డాడు. పట్టుబడిన నిందితునికి మరణశిక్ష పడింది. శిక్షను తగ్గించవలసిందిగా సాలార్‌జంగ్ స్వయంగా కోరినప్పటికీ అది అమలు జరిగింది.

ఆయుధధారుల నియంత్రణ

1857 తరువాత బ్రిటిష్ ఇండియాలో ప్రజలను నిరాయుధులను చేసే చట్టాలు వచ్చాయి. 1878 ఆయుధాల చట్టం లైసెన్సు లేకుండా ఆయుధం ధరించడాన్ని నేరంగా చేసింది. నిజాం రాజ్యంలో సాలార్‌జంగ్ అనుసరించిన పద్ధతి వేరు. ఆయుధాన్ని లాక్కోవడానికి ముందు దాన్ని పోషించే అప్పును, అధికారాన్ని తొలగించాలని ప్రయత్నించాడు. బాకీలు తీర్చి తాకట్టులోని తాలూకాలను విడిపించాడు. అరబ్బుల అప్పు తగాదాలను న్యాయస్థానాల పరిధిలోకి తెచ్చాడు. దోపిడీలు సాగించిన రోహిల్లా ముఠాలను అణచివేశాడు. 1865లో జిలాబందీ పేరుతో రాజ్యాన్ని జిల్లాలుగా, తాలూకాలుగా విభజించి, జీతగాళ్ళైన అధికారులను, పోలీసులను నియమించాడు. అయితే ప్రభువుల సాయుధ పరివారాలు ఇతని తరువాత కూడా కొనసాగాయి.

ఇతర కార్యక్రమాలు

దారుల్ ఉలూమ్ విద్యాలయం ఇతని కాలంలోనే ఏర్పడింది. 1860 ఒప్పందం ద్వారా రాయచూరు, ధారాశివ తిరిగి నిజాంకు దక్కాయి, 50 లక్షల రూపాయల బాకీ రద్దయింది. 1874లో వాడి - సికింద్రాబాదు రైలుమార్గం ప్రారంభమైంది. నేటి లాలాపేట సమీపంలోని లాలాగూడ రైల్వే వర్క్‌షాపు ఈ రైల్వే విస్తరణలో భాగంగా 1893లో ఏర్పడింది.

చివరి దశ

1869లో అఫ్జలుద్దౌలా మరణించగా, పసివాడైన మహబూబ్ అలీ ఖాన్ తరఫున అమీరె కబీర్‌తో కలిసి సాలార్‌జంగ్ పాలన సాగించాడు. 1876లో ఇంగ్లాండు వెళ్ళాడు. అక్కడ ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇచ్చింది. బేరారును తిరిగి సాధించాలన్న ఇతని కోరిక మాత్రం నెరవేరలేదు. 1883 ఫిబ్రవరి 8న హైదరాబాదులో కలరాతో మరణించాడు. దాయెరా మీర్ మోమిన్ శ్మశానంలో సమాధి చేశారు. ఇతని మనుమడు మూడవ సాలార్‌జంగ్ సేకరించిన వస్తువులతో 1951లో సాలార్‌జంగ్ మ్యూజియం ప్రారంభమైంది.

అంచనా

సాలార్‌జంగ్ పాత్రపై భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. రాజ్యాన్ని దివాలా నుండి కాపాడిన పాలకుడని కొందరు, 1857లో పరాయి పాలకుల పక్షం వహించాడని మరికొందరు భావిస్తారు. ఇతనిపై ఎత్తిన తుపాకుల వెనుక ఈ రెండవ అభిప్రాయమే ఉన్నదని చెప్పడానికి పూర్తి ఆధారాలు లేవు. పాలనాకేంద్రం వద్దకు ఆయుధంతో ఎవరు రావచ్చుననే ప్రశ్నకు అప్పట్లో ఆచారమే సమాధానం. నేడు ఆ స్థానంలో 1959 ఆయుధాల చట్టం, 2016 నియమావళి ఉన్నాయి. లైసెన్సు ఉన్నవారు సైతం బహిరంగ ప్రదేశాల్లో తుపాకిని పూర్తిగా కప్పి ఉంచాలని ఆ నియమావళి నిర్దేశిస్తుంది.