ఫ్రాన్స్ వైన్‌ను బతికించిన టెక్సాస్ వేరు.. మన ద్రాక్ష పందిళ్ల కిందా అదే! ఎవరీ మన్సన్?

చలికాలం పోతూ ఉండగానే హైదరాబాద్ రోడ్ల పక్కన తోపుడు బళ్ల మీద ద్రాక్ష గుత్తులు కనిపిస్తాయి. వాటిలో ఎక్కువ భాగం మహారాష్ట్ర తోటల నుంచి వచ్చేవే. పండు తీపిగా ఉందా, గింజ ఉందా లేదా.. మనం చూసేది ఇంతవరకే. ఆ తీగ ఏ వేరు మీద నిలబడిందో ఎవరూ అడగరు. చాలా తోటల్లో ఆ వేరు పేరు డాగ్‌రిడ్జ్. అది పుట్టింది అమెరికాలోని టెక్సాస్‌లో. దాన్ని అడవి నుంచి ఏరి తెచ్చిన వ్యక్తి చనిపోయి వందేళ్లు దాటింది. ఆయనే థామస్ వాల్నీ మన్సన్. ఫ్రాన్స్ ద్రాక్ష తోటలు చచ్చిపోతున్న రోజుల్లో దారి చూపించిన వాళ్లలో ముందు వినిపించే పేరు కూడా ఆయనదే.

మిడతలు మింగేసిన తొలి ప్రయత్నం

మన్సన్ 1843 సెప్టెంబర్ 26న ఇల్లినాయి రాష్ట్రంలోని ఆస్టోరియాలో పుట్టారు. కెంటకీలో చదువుకుని 1870లో డిగ్రీ పట్టా అందుకున్నారు. అదే ఏడాది ఎలెన్ స్కాట్ బెల్‌ను పెళ్లి చేసుకున్నారు. అమెరికా గడ్డ మీద పుట్టిన అడవి ద్రాక్షలపై ఆయనకు ఆసక్తి మొదలైంది కెంటకీలోనే. యూరప్ ద్రాక్ష తీయగా ఉంటుంది కానీ అక్కడి వాతావరణానికి, తెగుళ్లకు తట్టుకోదు. అడవి ద్రాక్షకు రుచి తక్కువ, మొండితనం ఎక్కువ. రెండింటిలోని మంచి గుణాలు ఒకే తీగలోకి తేవాలన్నది మన్సన్ ఆలోచన.

1873లో నెబ్రాస్కాలోని లింకన్‌కు వెళ్లి పని మొదలుపెట్టారు. అక్కడ కరువు ఒకపక్క, మిడతల దండు మరోపక్క.. వేసిన మొక్కలు మిగల్లేదు. ఇంకొకరైతే వేరే బతుకుదెరువు చూసుకునేవారేమో. మన్సన్ మాత్రం 1876లో కుటుంబంతో టెక్సాస్‌లోని డెనిసన్‌కు మకాం మార్చారు. ఆయన సోదరులు అప్పటికే అక్కడ స్థిరపడ్డారు. ఊరికి ఉత్తరాన రెడ్ రివర్. ఆ నది గట్ల మీద రకరకాల అడవి ద్రాక్షలు చెట్లకు అల్లుకుని కనిపించాయి. వెతుకుతున్నది కాళ్ల ముందే దొరికినట్టయింది.

అక్కడే నర్సరీ పెట్టారు. రైలెక్కి, గుర్రమెక్కి, అవసరమైతే నడిచి వేల మైళ్లు తిరిగారు. ఎక్కడ ఏ ద్రాక్ష పెరుగుతోంది, అక్కడి నేల ఎలాంటిది, పూత ఎప్పుడు, కాపు ఎప్పుడు.. అన్నీ రాసుకున్నారు. కొమ్మలు తెచ్చి తోటలో నాటారు. ఆ నేలల లెక్కే తర్వాత ఒక దేశానికి పనికొచ్చింది.

ఫ్రాన్స్‌లో అసలేం జరిగిందంటే..

1860వ దశకంలో దక్షిణ ఫ్రాన్స్‌లో ద్రాక్ష తీగలు ఉన్నట్టుండి ఎండిపోవడం మొదలైంది. పైన చూస్తే పురుగు లేదు, తెగులు లేదు. 1868లో శాస్త్రవేత్త ప్లాంషో బృందం వేర్లు తవ్వి చూసింది. మిల్లీమీటరు కూడా లేని పసుపు రంగు పురుగులు గుంపులుగా వేర్లను పీలుస్తున్నాయి. దాని పేరు ఫిలోక్సెరా. పురుగు పెట్టిన గాయాల్లోకి శిలీంధ్రాలు చేరి వేరు కుళ్లిపోతుంది.

విచిత్రం ఏంటంటే, ఆ పురుగు వచ్చింది కూడా అమెరికా నుంచే. అక్కడి నుంచి తెప్పించుకున్న ద్రాక్ష మొక్కలతో పాటే సముద్రం దాటింది. అమెరికా తీగలు తరతరాలుగా దాంతోనే బతికాయి కాబట్టి వాటికి తట్టుకునే శక్తి ఉంది. యూరప్ తీగకు ఆ అలవాటే లేదు. మందు కనిపెట్టిన వారికి 3 లక్షల ఫ్రాంకుల బహుమతి ఇస్తామని ఫ్రాన్స్ ప్రభుత్వం ప్రకటించాల్సి వచ్చింది. 1875లో 8 కోట్ల హెక్టోలీటర్లు దాటిన ఆ దేశ వైన్ ఉత్పత్తి, 1889 నాటికి సుమారు 2.3 కోట్లకు పడిపోయింది. ఊళ్లకు ఊళ్లు ఉపాధి పోగొట్టుకున్నాయి.

చివరికి దొరికిన దారి మన మామిడి అంటు లాంటిదే. కింద అమెరికా వేరు, పైన ఫ్రాన్స్ కొమ్మ. ఈ ఆలోచన మన్సన్‌ది కాదు. అంతకుముందే చాలామంది దీన్ని పరీక్షించారు. మిస్సోరీ నుంచి పెద్దఎత్తున వేరు మొక్కలు కూడా వెళ్లాయి. కానీ అన్నిచోట్లా పని చేయలేదు. కోన్యాక్ బ్రాందీకి పేరుపడ్డ షారెంట్ ప్రాంతంలో నేల అంతా సుద్ద. సున్నం ఎక్కువైతే మొక్కకు ఇనుము అందదు. అంటు కట్టిన తీగలు పురుగును తట్టుకున్నా, ఆకులు పసుపుబారి చచ్చిపోయాయి.

డెనిసన్ తలుపు తట్టిన ఫ్రాన్స్

1887లో ఫ్రాన్స్ ప్రభుత్వం పియర్ వియాలా అనే యువ శాస్త్రవేత్తను అమెరికా పంపింది. అప్పటికి ఆయన వయసు ముప్పై కూడా లేదు. పని ఒక్కటే.. సున్నపు నేలలో పచ్చగా బతికే అడవి ద్రాక్షను వెతకాలి. తూర్పు రాష్ట్రాల్లో సరైనది దొరక్క టెక్సాస్ చేరుకున్నారు. ఏ తీగ ఏ నేలలో పెరుగుతుందో మన్సన్ దగ్గర వివరంగా ఉంది. మధ్య టెక్సాస్ సున్నపురాతి గుట్టల మీద పెరిగే రకాలను ఆయన చూపించారు. వాటిలో ముఖ్యమైనది బెర్లాండియరీ.

తర్వాత టెక్సాస్ అడవి తీగల కొమ్మలు కట్టలు కట్టలుగా ఫ్రాన్స్‌కు బయల్దేరాయి. అంతటితో సమస్య తీరలేదు. బెర్లాండియరీ కొమ్మ నాటితే సులువుగా వేరు పట్టదు. అందుకే శాస్త్రవేత్తలు దాన్ని తేలిగ్గా వేరు పట్టే రకాలతో సంకరం చేశారు. ప్రపంచ ద్రాక్ష తోటల్లో ఈరోజుకీ వాడుతున్న చాలా రూట్‌స్టాక్‌లలో ఉన్నది ఆ బెర్లాండియరీ వారసత్వమే. మన దేశంలో వాడే 110 ఆర్ కూడా అలాంటిదే.

1888లో ఫ్రాన్స్ ప్రభుత్వం వ్యవసాయ రంగంలో చేసిన సేవకు మన్సన్‌కు షెవాలియర్ గౌరవం ఇచ్చింది. కోన్యాక్, డెనిసన్ పట్టణాలు ఇప్పుడు సిస్టర్ సిటీలు.

ఆయన కోరుకున్నది ఒకటి.. మిగిలింది ఇంకొకటి

మన్సన్ జీవితాశయం మాత్రం వేరు కాదు, పండు. 300కు పైగా కొత్త ద్రాక్ష రకాలను సృష్టించారు. ఒక రకానికి భార్య పేరు మీద ఎలెన్ స్కాట్ అని పేరు పెట్టారు. 1893లో షికాగో ప్రపంచ ప్రదర్శనలో అమెరికా ద్రాక్ష జాతులను ప్రదర్శించారు. 1909లో తన అనుభవమంతా పుస్తకంగా తెచ్చారు. 1913 జనవరి 21న డెనిసన్‌లో, 69 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

ఆ తర్వాత ఆయన రకాలు ఒక్కొక్కటిగా కనుమరుగయ్యాయి. అమెరికాలో మద్యనిషేధం వచ్చి వైన్ తోటలే దెబ్బతిన్నాయి. మార్కెట్ యూరప్ రకాల వైపు వెళ్లిపోయింది. 1974లో డెనిసన్‌లోని ఓ కాలేజీ ఆయన పేరుతో తోట పెట్టి, దొరికిన రకాలను సేకరించి కాపాడుతోంది. అంటే.. ప్రాణం పెట్టి చేసిన పండ్లు మ్యూజియం తోట దాకా వచ్చాయి. అడవి నుంచి ఏరి తెచ్చిన వేర్లు మాత్రం ప్రపంచమంతా పాకాయి.

డాగ్‌రిడ్జ్ కథ కూడా అంతే. టెక్సాస్‌లోని బెల్ కౌంటీలో ఆయన ఎంపిక చేసిన అడవి తీగ అది. దొరికిన చోటు పేరే దానికి స్థిరపడింది. నీటి ఎద్దడిని, నేలలోని ఉప్పును, వేర్లకు పట్టే నులిపురుగులను బాగా తట్టుకుంటుంది. బోర్లు ఎండిపోయి, ఉన్న నీళ్లు ఉప్పెక్కిన కాలంలో మహారాష్ట్ర, కర్ణాటక రైతులు దీన్నే నమ్ముకున్నారు.

అక్కడ కొత్త తోట వేసే రైతు మొదట నాటేది తినే ద్రాక్ష కాదు. ముందు డాగ్‌రిడ్జ్ మొక్క పెడతాడు. అది కొన్ని నెలలు పెరిగి కాండం గట్టిపడ్డాక, దాని మీద థాంప్సన్ సీడ్‌లెస్ లాంటి రకాన్ని అంటు కడతాడు. పందిరి మీద గుత్తులు వేలాడే సమయానికి ఆ వేరు సంగతి రైతుకు తప్ప ఎవరికీ తెలియదు.