ఈమని శంకరశాస్త్రి: వీణ పక్కన పెట్టి వాద్యబృందాన్ని నడిపిన వైనికుడు



హిందూపురం నుంచి లేపాక్షి వెళ్ళినవారంతా వేలాడే స్తంభం కింద గుడ్డ లాగి చూసి ఆశ్చర్యపోతారు. ఈసారి వెళ్ళినప్పుడు ఆ మండపంలోని మిగిలిన స్తంభాలను కూడా కాస్త నిదానంగా చూడండి. ఒకరి చేతిలో వీణ, మరొకరి చేతిలో మద్దెల, నడుమ రంభ నాట్యం. రాతిలో అందరూ కలిసి వాయిస్తూ కనిపిస్తారు. మన కచేరీలలో మాత్రం సాధారణంగా ఒక్కరే ప్రధానం, మిగిలినవారు పక్కవాద్యాలు. పలు వాద్యాలను ఒక్క మాట మీద నడిపించే పని మన దేశంలో రేడియో పూనుకున్న తరువాతే పెద్ద ఎత్తున సాగింది. ఆ పనికి జీవితంలో మంచి భాగం ఇచ్చిన తెలుగువాడు ఈమని శంకరశాస్త్రిగారు.

ఆయన 1922 సెప్టెంబరు 23న ద్రాక్షారామంలో పుట్టారు. తండ్రి అచ్యుతరామశాస్త్రిగారు పేరున్న వైనికులు. కాబట్టి ఆయనకు వీణ ఇంట్లోనే దొరికిన విద్య. ఏడు తీగెలు, ఇరవై నాలుగు మెట్లు గల ఆ వాద్యం గొంతు చాలా మెత్తనిది. నిశ్శబ్దంగా ఉన్న గదిలోనే దాని అందమంతా తెలుస్తుంది. అలాంటి వాద్యంతో పెరిగిన మనిషి పదిమంది వాద్యకారుల సందడిలోకి వెళ్ళడం మామూలు విషయం కాదు.

మొదటి పాఠం సినిమారంగంలో దొరికింది. మద్రాసు జెమినీ స్టూడియోలో సాలూరి రాజేశ్వరరావు వంటి సంగీత దర్శకుల దగ్గర ఆయన పనిచేశారు. అప్పట్లో పాట రికార్డింగు అంటే గాయకులు, వాద్యకారులు అందరూ ఒకేసారి కూర్చుని చేయవలసిందే. ఒక్కరు తప్పినా అందరూ మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. నా వంతు నేను బాగానే వాయించానంటే అక్కడ చెల్లదు. ఆ తరువాత మద్రాసు ఆకాశవాణిలో చేరారు. అటుపైన ఢిల్లీకి వెళ్ళి ఆకాశవాణి జాతీయ వాద్యబృందానికి స్వరకర్తగా, నిర్వాహకుడిగా బాధ్యత తీసుకున్నారు.

ఈ వాద్యబృందం 1952లో ఏర్పడింది. రవిశంకర్, టి.కె. జయరామయ్యర్, పన్నాలాల్ ఘోష్ వంటి మహానుభావులు నడిపిన బృందం అది. విదేశాల్లోనూ రేడియో ఇలాంటి పనే చేసింది. ఇటలీలో పుట్టిన టోస్కానినీ కోసం న్యూయార్కులో ఒక రేడియో సంస్థ 1937లో ఒక పెద్ద వాద్యబృందాన్నే ఏర్పాటు చేసింది. 1954 వరకు ఆయన దాన్ని నడిపించారు. ఆ రికార్డులు నేటికీ దొరుకుతున్నాయి.

అయితే టోస్కానినీకి లేని చిక్కు ఒకటి శంకరశాస్త్రిగారికి ఉంది. అక్కడ ప్రతి వాద్యానికీ ఏం వాయించాలో వందల ఏళ్ళ అలవాటు ప్రకారం కాగితం మీద రాసి ఉంటుంది. మన సంగీతంలో మనోధర్మమే ప్రాణం. రాగాన్ని ఎవరికి తోచినట్లు వారు పెంచుకుంటారు. పైగా ఆ బృందంలో సితారు, సరోదు వాయించే ఉత్తరాదివారు, వీణ, మృదంగం వాయించే దక్షిణాదివారు ఒకే చోట కూర్చుంటారు. మనం హిందోళం అనేదాన్ని వారు మాల్కౌన్స్ అంటారు. స్వరాలు అవే, కాని వాటిని ఊపే తీరు వేరు. ఒకరి గమకం మరొకరి చేతికి అంత సులువుగా రాదు. అందరి చేతా ఒకేలా వాయించమంటే ప్రాణం పోతుంది. ఎవరికి తోచినట్లు వారిని వదిలేస్తే గోల అవుతుంది.

తత్వశాస్త్రం చదివినవారికి ఇది పాత ప్రశ్నే: అనేకం ఎలా ఏకమవుతుంది? ధర్మవరం మగ్గం ముందు కూర్చున్నవారికి దీని జవాబు వేరే చెప్పనక్కరలేదు. పడుగు పడుగుగానే ఉంటుంది, పేక పేకగానే ఉంటుంది. ఏ పోగూ తన రంగు వదులుకోదు. కాని ఏ పోగు ఎప్పుడు పైకి రావాలో, ఎప్పుడు కిందికి పోవాలో తెలిసిన చెయ్యి ఒకటి ఉండాలి. వాద్యబృందంలో ఆ చెయ్యి నిర్వాహకుడిది.

టెన్సింగ్, హిల్లరీ 1953 మే 29న ఎవరెస్టు శిఖరం చేరారు. ఆ సాహసాన్ని తలచుకొని శంకరశాస్త్రిగారు ‘ఆదర్శ శిఖరారోహణం’ అనే వాద్యబృంద రచన చేశారు. శిఖరం ఎక్కడమనేది కూడా ఒక్కడి పని కాదని గమనించండి. చివరి మెట్టు ఇద్దరిదే అయినా, కింది నుంచి మూటలు మోసినవారు ఎందరో!

ఇందులో ఆలోచించవలసిన మాట ఒకటుంది. నిర్వాహకుడు ఆ సమయంలో ఏ వాద్యమూ వాయించడు. దేశంలో అగ్రశ్రేణి వైనికులలో ఒకరైన మనిషి తన వీణను పక్కనపెట్టి, ఇతరుల వాద్యాలు బాగా పలకాలని నిలబడ్డారు. రేడియోలో ఆ చేతులు కనబడవు. 1963లో మొదలైన కడప కేంద్రాన్నో, సరిహద్దు దాటి వినిపించే బెంగళూరు కేంద్రాన్నో పెట్టుకుని పెనుకొండలో కూర్చున్నవారికి వినబడేది సంగీతం మాత్రమే.

అలాగని ఆయన తన విద్యను పోగొట్టుకోలేదు. వీణ కచేరీలు చేస్తూనే వచ్చారు. కాకినాడవాడైన చిట్టిబాబు ఆయన శిష్యుడే. తిరుమల తిరుపతి దేవస్థానం ఆయనను ఆస్థాన విద్వాంసుడిగా గౌరవించింది, 1974లో పద్మశ్రీ వచ్చింది. 1987 డిసెంబరు 23న, 65 ఏళ్ళ వయసులో కన్నుమూశారు.

మన విచారణలలో పండుగ దగ్గరపడితే గాయక బృందంలో మైకు ఎవరికి, మొదటి పాట ఎవరిది అని చిన్న తగాదాలు రావడం మీకు తెలియనిది కాదు. కీబోర్డు శబ్దం పెంచితే పిల్లల గొంతులు వినబడవు, డోలక్ జోరు పెంచితే పాట మాటలు వినబడవు. ఇళ్ళల్లోనూ అంతే: ఒక్కరి గొంతే వినిపించే ఇంట్లో మిగిలినవారు మెల్లగా మాట్లాడడం మానేస్తారు. బాగా పాడగలవారు ఈ ఆదివారం ఒక్క చరణం ఆగి, పక్కవారి గొంతు వినండి. తమ వీణను కాసేపు కింద పెట్టగలిగినవారికే పదిమందిని కలపడం చేతనవుతుంది.