పాట వెనకాల చదువు: పాల్ రాబ్సన్

ఏప్రిల్ అంటే మనకు జయంతుల నెల. 5న జగ్జీవన్ రామ్, 11న ఫూలే, 14న అంబేడ్కర్. ఈ వరుసలో 9న పుట్టిన ఇంకొకరిని కూడా తలచుకోవాలని మాకు చాలాకాలంగా ఉంది. ఆయన 1898లో అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో పుట్టిన పాల్ రాబ్సన్. గాయకుడిగా, నటుడిగా, పోరాటకారుడిగా ఆయన పేరు మన సభల్లో వినిపిస్తూనే ఉంటుంది. ఆయన సంగీతాన్ని చదువుకున్న తీరు గురించి మాత్రం మనం తక్కువ మాట్లాడుకున్నాం.

తండ్రి విలియం నార్త్ కరోలినాలో బానిసగా పుట్టి, పదిహేనేళ్లకు పారిపోయి, చదువుకుని పాస్టర్ అయ్యారు. పాల్‌కు ఆరేళ్లు నిండకముందే తల్లి ఇంట్లో నిప్పంటుకుని చనిపోయింది. తండ్రి చర్చిలో విన్న స్పిరిచ్యువల్సే ఆ పిల్లవాడి మొదటి సంగీతం. బానిసలు కట్టుకున్న ప్రార్థనా గీతాలవి. అక్షరం నేర్చుకోవడమే నేరమైన చోట, నోటి నుంచి నోటికి బతికిన పాటలు.

1915లో పోటీ పరీక్ష రాసి, స్కాలర్‌షిప్‌తో రట్గర్స్ కాలేజీలో చేరారు. ఆ కాలేజీ చరిత్రలో ఆయన మూడో నల్లజాతి విద్యార్థి. ఫుట్‌బాల్ ఎంపికకు వెళితే కాబోయే సొంత జట్టువాళ్లే ముక్కు పగలగొట్టారు. అయినా నిలబడి, ఆ జట్టుకే పేరు తెచ్చారు. ఆ దెబ్బల కంటే కాలేజీ గాయక బృందం కథ మమ్మల్ని ఎక్కువ గుచ్చుతుంది. ఆయన గొంతు వాళ్లకు కావాలి. కానీ కచేరీ తర్వాత జరిగే విందులకు నల్లవాడు రాకూడదు. కాబట్టి పాట వరకే రానిచ్చారు, మిగతా వాళ్లతో సమానంగా సభ్యత్వం ఇవ్వలేదు. జాతరకు డప్పు కావాలి, కొట్టినవాడు మాత్రం గుడి మెట్లెక్కకూడదు అనే పద్ధతి చూసినవాళ్లకు దీన్ని విడమరచి చెప్పక్కర్లేదు.

ఆ తర్వాత కొలంబియాలో లా చదివి 1923లో పట్టా తీసుకున్నారు. 1913 నుంచి 1916 వరకు అంబేడ్కర్ చదివింది కూడా ఆ యూనివర్సిటీలోనే. కొద్ది ఏళ్ల తేడాలో ఇద్దరూ తప్పిపోయారు. రాబ్సన్ చేరిన లా ఆఫీసులో తెల్ల స్టెనో ఆయన చెప్పింది రాసుకోనంది. ఆయన ఆ వృత్తినే వదిలేశారు. 1925 ఏప్రిల్‌లో, న్యూయార్క్‌లో, పియానిస్టు లారెన్స్ బ్రౌన్‌తో కలిసి మొత్తం నల్లజాతి పాటలతోనే కచేరీ చేశారు. జనం విరగబడ్డారు.

ఇక్కడితో ఆగినా ఆయన గొప్ప గాయకుడే. లండన్‌లో నాటకాలతో, కచేరీలతో పేరు మోగుతున్న రోజుల్లో, 1934లో, ఆయన మళ్లీ విద్యార్థి అయ్యారు. లండన్ యూనివర్సిటీలోని స్కూల్ ఆఫ్ ఓరియంటల్ స్టడీస్‌లో చేరి ధ్వనిశాస్త్రం, ఆఫ్రికా భాషలు చదివారు. వలసల్లో పనిచేయబోయే అధికారులకు అక్కడి భాషలు నేర్పాలన్నది ఆ సంస్థ పెట్టడంలో ఒక ముఖ్య ఉద్దేశం. పాలించడానికి సిద్ధం చేసిన పాఠంలో, బానిస కొడుకు తన తాతల గొంతు వెతుక్కున్నాడు.

ఆయన ఏం వెతికారో కాస్త వివరంగా చెప్పుకోవాలి. పశ్చిమాఫ్రికాలోని అనేక భాషల్లో స్వరం ఎత్తు తగ్గిస్తే మాట అర్థమే మారిపోతుంది. అందుకే అక్కడ డోలు కూడా మాట్లాడగలదు, మాటలోని ఎత్తుపల్లాలను పట్టి పలికిస్తుంది. ఈ భాషలు నేర్చుకుంటుంటే అమెరికా నల్లవాళ్ల మాటతీరులోని లయ ఆయనకు వాటిలో వినిపించింది. నల్లవాళ్లకు భాష లేదు, సంస్కృతి లేదు, తెల్లవాళ్లను చూసి నేర్చుకున్నదే అని అప్పటి పండితులు చాలామంది నమ్మేవారు. రాబ్సన్ దాన్ని కోపంతో ఖండించి ఊరుకోలేదు. కూర్చుని చదివి ఖండించారు.

అక్కడితోనూ ఆగలేదు. రష్యన్, హిబ్రూ, వెల్ష్, చైనీస్ పాటలు నేర్చుకున్నారు. ఎక్కడి జానపదం చూసినా ఐదు స్వరాల వరుస తగులుతోందని గమనించారు. కర్ణాటక సంగీతం తెలిసిన మిత్రులు మోహన రాగాన్ని గుర్తు తెచ్చుకోండి. పియానో మీద నల్ల మెట్లు మాత్రమే వాయించి చూసినా అదే వరుస వస్తుంది. ప్రజల పాటలకు ఇలా ఒక ఉమ్మడి పునాది ఉందని ఆయన వాదన. 1958లో వచ్చిన తన పుస్తకం హియర్ ఐ స్టాండ్ చివర దీని మీద సాంకేతికమైన వ్యాసమే చేర్చారు. ఆయన వాదన ఎంతవరకు నిలుస్తుందో సంగీత శాస్త్రజ్ఞులు తేల్చుకోవచ్చు. కూలివాళ్ల పాటకు శాస్త్రం ఉందని చూపడానికి ఒక స్టార్ గాయకుడు ఇరవై ఏళ్లకు పైగా నోటు పుస్తకాలు నింపడమే మాకు ముఖ్యం. విశ్వవిద్యాలయంలో మేం చదివే రోజుల్లో డప్పును వార్షికోత్సవానికి పిలిచేవారు, తరగతిలోకి మాత్రం రానిచ్చేవారు కాదు.

ఆయన తప్పులు దాచాల్సిన పని లేదు. 1935లో వచ్చిన శాండర్స్ ఆఫ్ ది రివర్ సినిమాలో ఆఫ్రికా సంస్కృతిని చూపించవచ్చని నటించారు. తెర మీదికి వచ్చేసరికి అది బ్రిటిష్ సామ్రాజ్య భజన అయింది. తర్వాత దానికి ఆయన పశ్చాత్తాపపడ్డారు. 1949లో మాస్కోలో వార్సా యూదుల పోరాట గీతం పాడారు, కానీ అక్కడి యూదు రచయితల మీద సాగుతున్న అణచివేత గురించి స్వదేశంలో నోరు విప్పలేదు. ఆ మౌనాన్ని మేం సమర్థించలేం.

1950లో అమెరికా ప్రభుత్వం ఆయన పాస్‌పోర్టు లాక్కుంది. హాళ్లు మూసుకున్నాయి. దేశం దాటలేని ఆయన 1957లో అట్లాంటిక్ అడుగున వేసిన టెలిఫోన్ తీగ మీదుగా వేల్స్ గని కార్మికులకు పాడి వినిపించారు. 1958 మే నెలలో న్యూయార్క్ కార్నెగీ హాల్‌లో కచేరీ దొరికింది. అక్కడ పాటల మధ్య ఆగి పాఠం చెప్పారు. ఆఫ్రికా గానం, స్లావ్ చర్చి గీతం, స్పిరిచ్యువల్ పక్కపక్కన పాడి, వాటి పోలిక వినమన్నారు. పాస్‌పోర్టు ఆ తర్వాతి నెల సుప్రీంకోర్టు తీర్పుతో గానీ తిరిగి రాలేదు. 1976 జనవరి 23న ఫిలడెల్ఫియాలో కన్నుమూశారు.

ఆ కచేరీ రికార్డింగ్ ఇప్పటికీ దొరుకుతుంది. ఈ ఏప్రిల్ 9న హాస్టల్ గదిలో నలుగురు కూర్చుని వినండి. పాటలే కాదు, మధ్యలో ఆయన చెప్పే పాఠం కూడా.